దేవుడి బియ్యంలో అద్దం బిళ్ళ

ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులుంటాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడుముకుంటాను. మా ఆయన పోయిన తర్వాత, యాభై దాటినాక పలక పట్టినదాన్ని. చదివేవాళ్ళు ఒక పూటలో చదివే ఈ కథ రాయడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది. తప్పులకూ, ఆలస్యానికీ రెంటికీ మన్నించండి. పక్కింటి టీచరమ్మ అచ్చుకు పంపేముందు దిద్దిపెడతానంది. అక్షరాలు దిద్దమన్నాను. జరిగింది మాత్రం దిద్దొద్దన్నాను.

*

తొంభై ఎనిమిదిలో, దీపావళి వెళ్ళిన మరుసటి వారం. సోమవారం సాయంత్రం ఇన్నయ్య ఆఫీసు నుంచి వస్తూ వస్తూ పేపర్లో చుట్టిన వస్తువొకటి తెచ్చాడు. కాళ్ళు కూడా కడుక్కోకుండా బల్ల ముందు కూర్చుని పేపరు విప్పాడు. లోపల పల్చటి ప్లాస్టిక్ డబ్బీ, దాంట్లో అద్దంలా మెరిసే గుండ్రటి బిళ్ళ.

"ఏందయ్యా అది?" అంది భార్య సంపూర్ణ, వంటింటి గడప మీద నిలబడి.

"సీడీ. మా ఆఫీసరు సారు ఇచ్చిండు. మౌసు మీద చెయ్యి కుదరాలంటే ఆట ఆడాల్నంట. వచ్చే సోమవారం తిరిగియ్యాలె, వాళ్ళ తమ్మునిది."

ఇన్నయ్య మణుగూరు ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల ఆఫీసులో క్లర్కు. ఇక మీదట లెక్కలన్నీ కంప్యూటర్లోనే అని పైనుంచి హుకుం వచ్చింది. ఇంట్లో నేర్చుకొమ్మని ఆఫీసరే ఒక పాత కంప్యూటరు ఇచ్చి పంపాడు. నెల రోజులుగా ఆ తెల్లటి పెట్టె ముందుగదిలో కిటికీ పక్కన, పూలగుడ్డ కప్పుకుని, కొత్తకోడల్లా కూర్చుంది.

ఆటలో మాటలన్నీ ఇంగ్లీషు. ఇన్నయ్యకు చెయ్యి తిరిగిన ఇంగ్లీషు ఆఫీసు కాగితాలదే. రెండు లైన్లు కూడబలుక్కుని, మెడ వెనక్కి తిప్పి పిలిచాడు.

"చాందీ! ఓ చాందీ! ఇటు రా ఒకసారి."

వెనకగదిలోంచి చాంది వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. జూలూరుపాడు అవతలి తండా. తండ్రి రెడ్యా రెండెకరాలు పత్తి పెడతాడు. కంప్యూటరు నేర్చుకుందని గనుల ఆఫీసులో టెంపరరీగా పెట్టుకున్నారు. ఏడాది బాగా చేస్తే పర్మనెంటు చేస్తారని ఆశ. వెనకగది కిరాయికిద్దామని ఇన్నయ్యే అన్నాడు. సంపూర్ణ సరేనంది. మూడు నెలలయింది.

చాంది ఇంకో కుర్చీ లాక్కుని ఇన్నయ్య పక్కన కూర్చుంది. ఆ కుర్చీ సంపూర్ణ కూర్చుని బియ్యం ఏరుకునే కుర్చీ.

ఆట మొదలయింది. పాతకాలపు తెల్లదొరల ఊరు. పొగమంచు, రాళ్ళు పరిచిన వీధులు, గుర్రబ్బండ్లు, వీధి దీపాలు. టోపీ పెట్టుకున్న పోలీసాయన ఒకడు ఇల్లిల్లూ తిరిగి అడుగుతుంటాడు. ఆ ఊళ్ళో ఎవరో ఒకరి తర్వాత ఒకరిని ఆడపిల్లల్ని చంపుతున్నారు. పూలమ్మే పిల్ల, బట్టలుతికే పిల్ల, దవాఖానాలో పనిచేసే పిల్ల. ముగ్గురు పోయారు. నాలుగో ఆమె పోయే లోపల చంపేదెవరో పట్టుకోవాలి. పట్టుకుంటే ఆట గెలిచినట్టు.

చాంది చదివి చెబుతుంటే ఇన్నయ్య మౌసు నొక్కుతున్నాడు. ఇద్దరి తలలూ ఆ వెలుగులో ఒకే నీలంగా ఉన్నాయి. సంపూర్ణ గడప మీదే నిలబడి చూసింది. కూర అడుగంటిన వాసన వచ్చేదాకా చూసింది.

*

మంగళవారం సాయంత్రానికి నవ్వులు మొదలయ్యాయి. ఆటలో డాక్టరొకడు అడిగిన ప్రతిదానికీ కోప్పడుతున్నాడు. ఆ డాక్టరు అచ్చం మన క్యాషియరు గంగయ్య లెక్కనే ఉన్నడని ఇన్నయ్య అన్నాడు. చాంది నవ్వింది. చాంది నవ్వితే చిన్న గంట మోగినట్టుంటుంది. ఇన్నయ్య నవ్వు సంపూర్ణ ఎరిగిందే, కానీ ఇంట్లో అది విని ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టబోయి మానేసింది.

బొగ్గుల పొయ్యి మీద టీ మరుగుతోంది. సంపూర్ణ మూడు గ్లాసుల్లో పోసింది. చక్కెర డబ్బా పక్కనే ఉప్పు డబ్బా. చెయ్యి చక్కెర వైపు పోయి, ఆగి, పక్కకు జరిగింది. అంచు మీద చిన్న నొక్కు ఉన్న గ్లాసులో చెంచా నిండా ఉప్పు వేసి కలిపింది. కలుపుతుంటే చెంచా గ్లాసుకు తగిలి టకటకమని అదిరింది.

పళ్ళెం తీసుకుపోయి నిలబడింది. ఇన్నయ్య తెర మీది చూపు తిప్పకుండా చెయ్యి చాపి ఒక గ్లాసు అందుకుని, అది చాందికిచ్చి, తనకొకటి తీసుకున్నాడు. నొక్కు ఉన్న గ్లాసు చాంది చేతికే పోయింది.

చాంది ఒక గుక్క తాగింది. ఆగింది. సంపూర్ణ మొహంలోకి ఒక్కసారి చూసింది. మళ్ళీ గ్లాసెత్తి అడుగుదాకా తాగేసింది.

"మంచిగుందక్కా," అంది.

సంపూర్ణ వంటింట్లోకొచ్చి ఆ గ్లాసును రెండుసార్లు తోమింది. గుండె దడదడమంటూనే ఉంది. వెనక నుంచి ఎవరో పిలుస్తారని, ఇదేం పని అని అడుగుతారని చూసింది. ఎవరూ పిలవలేదు.

*

బుధవారం చాందికి ఒంటిపూట సెలవు. మధ్యాహ్నం సంపూర్ణ వంటింటి గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతుంటే వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"అక్కా, నీ పేరు రాయడం వస్తదా?"

"నాకెందుకు పిల్లా రాతలు. రేషను కార్డు మీద వేలిముద్ర సాల్తది."

"సులువే అక్కా. ముందు ఇగో గిట్ల, తర్వాత పక్కన సున్న." చాంది చేటలో బియ్యాన్ని అరచేత్తో చదును చేసి, వేలుతో మెల్లగా ఒక అక్షరం గీసింది. "ఇది 'సం'. ఇంక రెండే ఉన్నయి."

తెల్లటి బియ్యంలో చేట అడుగు గోధుమరంగులో కనిపించి, అక్షరం విచ్చుకుంది. సంపూర్ణ దాన్ని చూసింది. చూస్తే బాగానే ఉంది. దానితోనే కోపమూ వచ్చింది. చేటను ఒక్క కుదుపు కుదిపింది. బియ్యం జరిగి అక్షరం పోయింది.

"పొద్దు పోతున్నది. నాకు పనుంది," అంది.

చాంది లేచి స్నానానికి పోయింది. సంపూర్ణ పెరట్లోకెళ్ళింది. తీగె మీద చాంది తెల్ల చున్నీ ఆరేసి ఉంది, ఆఫీసుకు వేసుకునేది అదొక్కటే. రెండు గంటలకు గనిలో బ్లాస్టింగ్ ఉంటుంది. సైరన్ మోగగానే కాలనీ ఆడవాళ్ళంతా బట్టలు లోపలికి తెచ్చుకుంటారు. సైరన్ మోగింది. సంపూర్ణ తన చీరలు తీసుకుంది, ఇన్నయ్య చొక్కాలు తీసుకుంది. చున్నీకున్న క్లిప్పు కూడా తీసుకుంది. చున్నీని మాత్రం ఉంచేసింది.

భూమి గుమ్మని అదిరింది. వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. కాసేపటికి బూడిదరంగు దుమ్ము దిగొచ్చింది. చున్నీ జారి పంపు దగ్గరి మసి నీళ్ళలో పడింది. ఈసారి సంపూర్ణ చెయ్యి వణకలేదు. ఉప్పు వేసినప్పుడున్న దడలో సగం కూడా లేదు.

అదే సాయంత్రం ఆట ముందుకు సాగలేదు. డాక్టరును పట్టుకున్నారు, వాడు కాడు. కసాయివాణ్ణి పట్టుకున్నారు, వాడూ కాడు. నాలుగో పిల్ల కూడా చచ్చిపోయింది. ఇన్నయ్య విసుక్కుంటూ మళ్ళీ వెనక నుంచి మొదలుపెట్టాడు.

చచ్చిపోయిన పిల్లలంతా ఒకే ఇంట్లో కిరాయికున్నవాళ్ళు. ఆ ఇంటామె పెద్దమనిషి, తెల్ల తలగుడ్డ కట్టుకుని వచ్చేపోయే వాళ్ళకు తలుపు తీస్తుంటుంది. పోలీసాయన ప్రశ్నలకు మర్యాదగా జవాబు చెబుతుంటుంది. ఆమెనెవరూ లెక్కలో వేసుకోలేదు. సంపూర్ణకు చదువు రాదు కాబట్టి కింద పడే అక్షరాలు చూడదు, మనుషులనే చూస్తుంది. ఆ ఇంటామె బకెట్టు పట్టుకుని మెట్లెక్కుతోంది.

"ఆమె ఎక్కడికి పోతున్నది?" అంది సంపూర్ణ గడప మీద నుంచి.

"ఎవరు?"

"ఆ ఇంటామె. పైగదిలకు బొగ్గులు మోస్తున్నది. పైగది పిల్ల నిన్న సచ్చిపాయె గదా? ఖాళీ గదిల పొయ్యి ఎవరికోసం రాజేస్తది? బొగ్గులు ఊకనే వస్తయా? పని లేని వేళ ఆ గదిలకు పోతున్నదంటే, ఏదో ఉన్నది అందుల."

ఇన్నయ్య వెనక్కి తిరగనైనా లేదు. "సంపూర్ణా, ఇది నీ పొయ్యి ముచ్చట కాదు. నీకేం తెల్వదు, పో. కూర మాడుతది."

చాంది మాత్రం తిరిగి చూసింది. ఏదో అనబోయింది. ఇంతలో కరెంటు పోయింది.

*

గురువారం చాంది మౌసు తన చేతిలోకి తీసుకుంది. పోలీసాయన్ని పైగదికి పంపింది. పొయ్యి దగ్గర, బూడిదలో, సగం కాలిన మూడు జడ రిబ్బన్లు దొరికాయి.

ఇన్నయ్య కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. "శభాష్ చాందీ! శభాష్! నువ్వు ఆఫీసుల కాదు, పోలీసుల ఉండాలె!"

"నేను కాదు సార్. అక్క చెప్పింది నిన్న."

"మీ అక్కనా?" ఇన్నయ్య నవ్వాడు. "మీ అక్కకు పులుసుల ఉప్పు ఎక్కువైందో తక్కువైందో పట్టుకొమ్మను ముందు."

చాంది నవ్వలేదు. ఆ సంగతి సంపూర్ణ గమనించలేదు. ఆమె చెవిలో 'శభాష్' ఒక్కటే తిరుగుతోంది. పెళ్ళయి పదిహేనేళ్ళు. ఆ మాట ఈ ఇంట్లో ఉందని కూడా ఆమెకు తెలియదు. ఉంది. ఇన్నయ్య నోట్లోనే ఉంది. ఇన్నాళ్ళూ దాచిపెట్టి, ఆమె సంపాదించిన రోజున తీసి ఇంకొకరి చేతిలో పెట్టాడు.

"గానీ ఆమె ఎందుకు చంపుతున్నట్టు?" అన్నాడు ఇన్నయ్య. "పిచ్చిదా?"

"పిచ్చిదైతే మొదలే దొరికేది సార్," అంది చాంది తెర మీది అక్షరాలు చదువుతూ. "మొదటిసారి మస్తు భయపడ్డదంట. ఎవరన్నా అడుగుతరేమో అని తలుపు దగ్గర్నే కూసున్నదంట. ఎవ్వరూ అడగలే. రెండోసారికి భయం సగమైంది. మూడోసారికి అదొక ఇంటిపని లెక్కనే అయింది. ఎందుకు చేసిందనేది ఇంకా చెప్తలేదు. రేపు తెలుస్తది."

సంపూర్ణ చేతిలోని గరిటె మెల్లగా కిందికి దిగింది. ఆమె వంటింట్లోకి పోయి, పొయ్యి ముందు కూర్చుని, ఆరిన బొగ్గుల్ని చాలాసేపు ఊదింది.

*

ఆ కాలనీలో మా వాళ్ళ, అంటే క్రైస్తవుల ఇళ్ళల్లో ఒక పద్ధతుంది. పొద్దున, సాయంత్రం ఎసట్లో బియ్యం పోసేముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి విడిగా ఒక డబ్బాలో వేస్తుంది. నెల నిండినాక మొదటి ఆదివారం ఆ డబ్బా గుడికి తీసుకుపోయి, పూజ వేళ పీఠం ముందు పెట్టిన గంపలో పోస్తారు. సిస్టర్ల ఆశ్రమంలో ముసలివాళ్ళకు ఆ బియ్యమే కూడు. అది దేవుడి డబ్బా. దాంట్లోకి చెయ్యి పోవడమే గానీ, దాంట్లోంచి ఏదీ బయటికి రాదు. ఇంట్లో గింజ లేని రోజు కూడా ఆ మూత తీసి అప్పుగా తీసుకోరు. మగవాళ్ళు అసలు ముట్టరు.

శుక్రవారం మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేని వేళ, సంపూర్ణ కంప్యూటరు మీది పూలగుడ్డ ఎత్తి ఆ అద్దం బిళ్ళను డబ్బీతో సహా తీసింది. అందులో తన మొహం చూసుకుంది. మధ్యలో బొక్క, చుట్టూ రంగురంగులుగా సాగిపోయిన మొహం. పరుపు కింద పెడదామంటే ఆయన చూస్తాడు. బియ్యం డ్రమ్ములో పెడదామంటే వెతికేవాడు ముందు అక్కడే వెతుకుతాడు. దేవుడి డబ్బా మూత తీసింది. అది పాత బిస్కెట్ల రేకు డబ్బా, వెడల్పు మూత. నెల బియ్యం ముప్పాతిక దాకా ఉంది. బిళ్ళను అడ్డంగా లోపలికి తోసి, పైన బియ్యం సర్ది, మూత బిగించింది.

సోమవారం దాకా దాస్తే చాలనుకుంది. ఆట ఆగిపోతుంది. ఆ కుర్చీ మళ్ళీ తన బియ్యం ఏరుకునే కుర్చీ అవుతుంది. ఆ తర్వాత బల్ల వెనక దొరికిందని తానే తీసి ఇవ్వొచ్చు. రేపటి తర్వాతి రోజు మొదటి ఆదివారమన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు.

సాయంత్రం ఇన్నయ్య ఇల్లు తలకిందులు చేశాడు. బల్ల జరిపాడు, పరుపు దులిపాడు, డ్రమ్ములో చెయ్యి పెట్టి మోచేతి దాకా కలిపాడు. "సారుకు ఏం మొహం పెట్టుకుని చెప్పాలె? వాళ్ళ తమ్ముడు ఫారిన్ నుంచి తెచ్చుకున్నదంట!"

చప్పుడుకు పక్కింటి సవరమ్మ వచ్చింది. గుడిలో స్త్రీల సంఘానికి పెద్ద ఆమె. కాలనీలో ఎవరింట్లో పాలు పొంగినా, ఎవరింట్లో గిన్నె పగిలినా ముందు ఆమెకే వినపడుతుంది.

"అన్ని చోట్లా చూసినవు గనీ, వెనకగది చూసినవా ఇన్నయ్య తమ్ముడూ?"

"ఛ, ఆ పిల్ల గట్లాంటిది కాదక్కా."

"గట్లాంటిది ఎట్లుంటదో నీకెరుకనా? లంబాడోళ్ళను ఇంట్ల పెట్టుకుని తాళం మరిచిపోతే, తప్పు తాళానిదంటవా?"

ఆ మాట చాంది గుమ్మంలో నిలబడి విన్నది. లోపలికి పోయి తన సంచీ, రేకు పెట్టె తెచ్చి ముందుగది మధ్యలో బోర్లించింది. నాలుగు జతల బట్టలు, మసి మరక ఇంకా వదలని తెల్ల చున్నీ, వాళ్ళమ్మ కుట్టిన అద్దాల సంచీ, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన సర్టిఫికెట్లు. ఒక్కొక్కటీ విప్పి దులిపి చూపించింది.

"చూడండి సార్."

ఇన్నయ్య చూడలేక తల తిప్పుకున్నాడు. సవరమ్మ మాత్రం అద్దాల సంచీ లోపలికి కూడా చూసింది.

"దొరికే చోట పెడ్తరా ఎవరన్నా? బజాట్ల ఎవనికో ఎప్పుడో చేరవేసే ఉంటది."

ఇన్నయ్య సంపూర్ణ వైపు తిరిగాడు. "నువ్వు పొద్దంతా ఇంట్ల ఉన్నవ్ గదా. ఏమన్నా చూసినవా?"

చాంది కూడా ఆమెనే చూస్తోంది. చేతిలో గరిటె. గరిటె కొన నుంచి పప్పు ఒక్కో చుక్క నేల మీద పడుతోంది.

"నాకేం ఎరుక," అంది సంపూర్ణ.

ఆమె చేసిన వాటన్నిట్లోకీ అదే సులువుగా అయిపోయింది.

*

శనివారం ఇన్నయ్య మధ్యాహ్నానికే వచ్చాడు. మంచినీళ్ళు తాగి గ్లాసు అక్కడే పెట్టి చెప్పాడు.

"సారు మస్తు కోపానికొచ్చిండు. ఇంట్ల ఎవరెవరు ఉంటరని అడిగిండు. చెప్పిన. సోమవారం నుంచి ఆ పిల్లను ఆఫీసుకు రావద్దన్నడు."

"అదేందయ్యా! ఆ పిల్లే తీసిందని ఎవరు చూసిండ్రు?"

"మరెవరు తీసిండ్రంటవ్? నువ్వా, నేనా?"

సంపూర్ణ అనుకున్నది ఇది కాదు. ఆట ఆపాలనుకుంది. ఒక్క నాలుగు రోజులు ఆ నవ్వు వినపడకుండా ఉంటే చాలనుకుంది. ఆ పిల్ల అన్నం మీద కొట్టాలనుకోలేదు. ఇప్పుడే బిళ్ళ తీసి బల్ల వెనక పడేద్దామని వంటింట్లోకి వెళ్ళి డబ్బా మూత తీసింది. అప్పుడే సవరమ్మ కరివేపాకు కోసమని వచ్చి పీట వేసుకుని కూర్చుంది. మూత పెట్టేసింది. ఆమె లేచి పోయినాక మళ్ళీ తీసింది. మంచినీళ్ళకని ఇన్నయ్య వచ్చాడు. మళ్ళీ పెట్టేసింది. మూడోసారి తీసి బియ్యంలోకి వేళ్ళు పోనిచ్చేసరికి ముందుగదిలో బల్ల జరుపుతున్న చప్పుడు. ఇన్నయ్య బల్ల వెనక మూల మూలా ఊడ్చి, అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇంకెక్కడ పడేసినా, ఇంతసేపు ఎక్కడున్నదని అడుగుతాడు.

తల తిప్పేసరికి పెరటి కిటికీ అవతల చాంది పంపు దగ్గర చున్నీ ఉతుకుతూ కనిపించింది. చాంది చూపు డబ్బా మీద ఉంది. తర్వాత ఎండ మీదికి పోయింది. మూడు దాటింది. అది ఎసరు పెట్టే వేళ కాదు.

సంపూర్ణ మూత బిగించి పిడికిలి చీర చెంగులో దాచుకుంది.

కాసేపటికి చాంది తడి చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రాలేదు.

"పొద్దున మొదటి బస్సుకు పోత అక్కా. మా బాపుకు కబురు పంపిన. నీ స్టీలు గిన్నె నా దగ్గర్నే ఉన్నది, పొద్దున ఇస్త."

"బాపు ఏమంటడు?"

"ఏమంటడు. మళ్ళ పత్తి ఏరుకొమ్మంటడు."

పొయ్యిలో బొగ్గు ఒకటి చిటపటమని విరిగింది.

"ఆట అయిపోలే గదా అక్కా," అంది చాంది నేల చూస్తూ. "ఆ ఇంటామె ఎందుకు చంపిందో చూడలే మనం. రాత్రంతా ఆలోచించిన. నాకు తెలిసినట్టే అనిపిస్తున్నది."

"ఎందుకంటవ్?" అంది సంపూర్ణ.

"ఆ పిల్లలు కింద గదిల కూసుని నవ్వేటోళ్ళు. ఆమెకు వినపడేది. ఇల్లు ఆమెదే, బొగ్గులు మోసేది ఆమే, దీపం పెట్టేది ఆమే. రా, నువ్వు కూడ కూసో అని ఒక్కళ్ళు కూడ అనలే ఆమెను." చాంది ఆగింది. "నేనన్న అనాల్సి ఉండె."

సంపూర్ణ తలెత్తలేకపోయింది.

"పోలీసాయనకు ఎట్ల తెలిసిందో నీకెరుకే గదా అక్కా. నువ్వే పట్టినవ్. పని లేని వేళ తలుపు తీసింది. గంతే."

"మరి చెప్పొచ్చు గదా పిల్లా... పోలీసాయన చెప్పినట్టు, అందరికీ..."

"ఆయన తల మీద టోపీ ఉన్నది. నమ్ముతరు. నేను చెప్తే, నేనే పెట్టి ఇంకొకల మీద తోస్తున్ననంటరు." చాంది, సంపూర్ణ చెంగులో దాచుకున్న పిడికిలి వైపు చూసింది. "చెప్పేదుంటే చెప్పేటోళ్ళే చెప్పాలె."

అని వెళ్ళిపోయింది. సంపూర్ణ చెంగులోంచి చెయ్యి తీసింది. పిడికిలి విప్పితే, అదిమిన గింజల గుర్తులు అరచేతి నిండా ఉన్నాయి.

*

ఆదివారం తెల్లవారుజామున సంపూర్ణ స్నానం చేసి వచ్చేసరికి వంటింట్లో స్టీలు గిన్నె తోమి బోర్లించి ఉంది, దేవుడి డబ్బా పక్కనే. ఆమె డబ్బా అందుకోబోయే లోపలే సవరమ్మ తెల్లచీరలో వచ్చేసింది. "ఇంకా గుడ్డ కట్టలేదా? ఫాదరు వచ్చే వేళయింది," అంటూ తానే డబ్బా మూతికి గుడ్డ కట్టి, ముడి బిగించి, సంపూర్ణ చంకకెత్తింది.

గుడి దాకా అర మైలు. పక్కన సవరమ్మ ఏదో చెబుతూనే ఉంది. సంపూర్ణకు డబ్బా బరువు ఒక్కటే తెలుస్తోంది. అడుగడుగుకూ లోపల బిళ్ళ రేకుకు తగిలినట్టే వినపడుతోంది. సగం దారి దాకా భయం. ఎక్కడన్నా జారి పడితే బాగుండు, కాలు విరిగినా బాగుండు అనుకుంది. తర్వాత భయం కూడా అలిసిపోయింది. పడనీ అనుకుంది. అందరి ముందూ పడనీ. తన నోరు చెప్పలేనిది డబ్బా చెబుతుంది. ఆ పిల్ల బస్సెక్కేలోపే ఎవరో ఒకరు పరుగెత్తుతారు. అలా అనుకున్నాక నడక తేలికయింది.

పాట ఎత్తుకున్నారు. ఆడవాళ్ళు వరసగా వెళ్ళి గంపలో పోస్తున్నారు. సంపూర్ణ వంతు వచ్చింది. ముడి విప్పింది. ఎడమ పక్కన ఇన్నయ్య, మగవాళ్ళ వరసలో మోకాళ్ళ మీద ఉన్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని డబ్బా వంచింది.

సుయ్యిమని బియ్యం జారింది. బియ్యమే జారింది. కళ్ళు తెరిచి, డబ్బా అడుగును అరచేత్తో తట్టింది. చివరి నాలుగు గింజలు రాలాయి.

"దేవుడు దీవించు గాక," అన్నాడు ఫాదరు.

ఆమె డబ్బా లోపలికి చూస్తూ అక్కడే నిలబడిపోయింది. వెనక ఉన్నామె మోచేత్తో పొడిస్తే పక్కకు తొలిగింది. ఖాళీ అయిన డబ్బా, తెచ్చినప్పటికన్నా బరువుగా ఉంది.

*

ఇంటికొచ్చేసరికి వెనకగది తలుపు తీసి ఉంది. ఊడ్చి, అలికినంత శుభ్రంగా ఉంది. తాళంచెవి మేకుకు వేలాడుతోంది.

ముందుగది తలుపు తెరిచిన ఇన్నయ్య గుమ్మంలోనే ఆగాడు. కిటికీ పక్కన బల్ల మీద అద్దం బిళ్ళ, డబ్బీలో, మెరుస్తూ ఉంది. బయట నుంచి ఊచల సందులోంచి చెయ్యి పెట్టి ఉంచినట్టుంది.

"చూసినవా!" అన్నాడు. "భయపడి పెట్టి పోయింది."

వెనకే వచ్చిన సవరమ్మ చేతులు జోడించింది. "ప్రభువు మనసు మార్చిండు దానిది. నేను మొన్ననే చెప్పలే? నా మాట ఎప్పుడన్నా తప్పైందా?" అంటూ ఈ కబురు చల్లారకముందే నాలుగిళ్ళకు చేర్చడానికి గబగబా వెళ్ళిపోయింది.

తెల్లవారుజామున గిన్నె ఇవ్వడానికొచ్చిన చాంది, డబ్బాలోంచి బిళ్ళ తీసింది. అందరి ముందూ గంపలో పడాల్సినదాన్ని పడకుండా తీసింది. తీసి ఇక్కడ పెట్టింది. పెట్టి, అందరి నోట్లో దొంగ అయి బస్సెక్కింది. సంపూర్ణకు ఇదంతా ఒక్కసారిగా అర్థమయింది. ఇప్పుడు డబ్బా చెప్పదు. ఇంకెవరూ చెప్పరు. మొదటి బస్సు జూలూరుపాడు దాటి ఉండదు ఇంకా.

ఇన్నయ్య డబ్బీ తెరిచి గీతలేమన్నా పడ్డాయేమోనని బిళ్ళను వెలుగుకు పట్టి చూశాడు. డబ్బీ మూలలో తెల్లగా ఏదో ఇరుక్కుని ఉంది. గోటితో పైకి తీశాడు. బియ్యపు గింజ.

వేలి కొన మీద దాన్ని చూశాడు. తలెత్తి, సంపూర్ణ చంకలోని ఖాళీ డబ్బాను చూశాడు. తర్వాత ఆమె మొహం చూశాడు. పదిహేనేళ్ళలో ఆయన ఆమెను అంతసేపు చూడడం అదే మొదలు.

సంపూర్ణ నోరు తెరిచింది.

ఇన్నయ్య గింజను గోటితో కిటికీ బయటికి చిమ్మాడు. బిళ్ళను డబ్బీలో పెట్టి టప్పున మూశాడు.

"ఆకలైతున్నది," అన్నాడు. "అన్నం పెట్టు."

ఆమె తెరిచిన నోరు మూసుకుంది. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి రాజేసింది. ఎసరు పెట్టింది. డ్రమ్ములోంచి ఇద్దరికి సరిపడా బియ్యం కొలిచింది. అలవాటు కొద్దీ పిడికెడు తీసి, ఖాళీగా ఉన్న దేవుడి డబ్బాలో వేసింది. రేకు మీద గింజలు వడగళ్ళలా చప్పుడు చేశాయి.

గుమ్మం వైపు ఒకసారి చూసింది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఆ పిడికెడు బియ్యాన్ని అరచేత్తో చదును చేసింది. వేలుతో మెల్లగా, గుర్తు తెచ్చుకుంటూ, ముందు ఒక వంపు గీసింది. దానికి తలకట్టు పెట్టింది. పక్కన సున్న చుట్టింది. అచ్చం ఆ పిల్ల చూపించినట్టే వచ్చింది.

తర్వాతి రెండక్షరాలు ఆమెకు తెలియవు. ఎసరు మరిగి పొంగి, బొగ్గుల మీద పడి చుయ్యిమనేదాకా, అక్కడే వేలు ఆపుకుని కూర్చుంది.

*

సంపూర్ణ
అరవై ఒక్క ఏళ్ళు
ఇప్పుడు ఉంటున్నది జూలూరుపాడు